మోటారు కారులో వార్తలు నిలిచిపోయినప్పుడు

మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకని తండ్రి టాక్సీ నడిపి జీవించువారు. గత వర్షకాలమున ఆయన కారు విచిత్రముగా ప్రవర్తింపసాగెను. పరుగులో నుండగనే వేగము చూపు ముల్లు సున్నకు పడిపోవును. ఎదుటి పలకపై నాలుగైదు హెచ్చరిక దీపములు ఒక్కసారిగ వెలుగును. కొంత సేపటికి అన్నియు తామే సర్దుకొనును. షెడ్డులో పరీక్షాయంత్రము తగిలించి చూడగా 'యు 0121' అను సంకేతము కనబడెను. బ్రేకులను కనిపెట్టియుండు ఏ.బి.ఎస్. పెట్టె చెడినదని తేల్చి క్రొత్తది వేసిరి. రెండు నెలల సంపాదన దానికే చెల్లిపోయెను. నాలుగవ నాడు ముల్లు మరల పడిపోయెను.

నేను తెలుగు చెప్పువాడనే గాని ఇంజనీరును కాను. అయినను ఆ సంకేతమునకు అర్థమేమని అడిగి తెలిసికొన్నప్పుడు, పొరపాటు ఎక్కడ జరిగినదో నాకు తోచినది. 'ఏ.బి.ఎస్. పెట్టెతో సంపర్కము తప్పినది' అని దాని భావము. పెట్టె చెడిపోయినదని అందు లేదు. ఊరినుండి ఉత్తరము రాకున్నచో వ్రాయువాడు లేడనుకొందుమా? నడుమ వంతెన కొట్టుకొనిపోయి యుండవచ్చును గదా. కారులో ఆ వంతెన యేదో తెలిసిననే గాని ఈ విషయము బోధపడదు.

పూర్వపు కార్లలో ఒక్కొక్క దీపమునకును, ఒక్కొక్క మీటకును వేఱువేఱు తీగ యుండెడిది. పనులు పెరిగిన కొలది తీగల మోపు పెరిగెను. దీనికి విరుగుడుగా జర్మనీలోని బాష్ సంస్థవారు 1983లో పని ప్రారంభించి, 1986లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ఇంజనీర్ల సభలో 'కాన్' అను పద్ధతిని ప్రకటించిరి. 1993లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది.

ఇందు ఇంజను పెట్టె, బ్రేకుల పెట్టె, ముల్లుల పలక మొదలగునవి యన్నియు రెండే తీగలపై మాటలాడుకొనును. వానికి పెత్తనము చేయువాడెవడును లేడు. ఒకటి పలికినది అన్నియు వినును. తనకు కావలసినది గ్రహించి తక్కినది విడిచిపెట్టును. రెండు పెట్టెలు ఒకేసారి నోరు తెఱచినచో తక్కువ సంఖ్య గల వార్తయే సాగును. రెండవది ఆగి, తీరిక చూచి, మరల పంపును. తరగతిలో మీరును ఇట్లే యుందురేని నా గొంతు కొంత బాగుపడును. అంతేకాదు, తప్పు వార్త పంపిన ప్రతిసారియు ఆ పెట్టె తన లెక్కలో ఎనిమిది కలుపుకొనును. సరిగా పంపినచో ఒకటి తీసివేయును. ఆ లెక్క 255 దాటినచో తానే మౌనము వహించును.

ఆ రెండు తీగలు జడవలె పెనవేసికొని యుండును. ఊరకున్నప్పుడు రెంటిపైనను సుమారు 2.5 వోల్టు లుండును. వార్త సాగునప్పుడు ఒకటి 3.5 వరకు ఎక్కును, రెండవది 1.5 వరకు దిగును. వినువారు చూచునది ఆ రెంటి భేదమును మాత్రమే. బయటి విద్యుత్తు అలజడి తీగలపై బడినను, రెంటిపైనను ఇంచుమించు సమానముగా బడుటచే భేదము చెడదు. ఇంక తీగల రెండు కొసలందును 120 ఓముల నిరోధము ఒక్కొక్కటి కలదు. అది లేనిచో వార్త కొసకు తగిలి, బావిలో కేకవలె, వెనుకకు ప్రతిధ్వనించును.

టాక్సీ విషయమునకు వత్తము. దానిని రెండవమారు చూచిన పెద్దాయన పరీక్షాయంత్రము జోలికే పోలేదు. బ్యాటరీ తీగ విప్పి, కొన్ని నిమిషములాగి, స్టీరింగు క్రిందనున్న పదునాఱు రంధ్రముల సాకెట్టులో 6వ, 14వ రంధ్రముల నడుమ మల్టీమీటరుతో నిరోధమును కొలిచెను. రెండు 120 ఓముల నిరోధములు సమాంతరముగా నున్నచో 60 రావలెనని పదవ తరగతివారికి తెలియును. మీటరు 120 చూపెను. అనగా ఒక కొస అందుట లేదు. ఆ కారులో ఒక కొస నిరోధము బ్రేకుల పెట్టెలోనే యున్నది. పెట్టె క్రొత్తది, కావున అనుమానము దారిమీదికి పోయినది. ప్లగ్గు ఊడదీసి, సాకెట్టునుండి అచ్చటి వరకు ఒక్కొక్క తీగనే పరీక్షింపగా 14వ దాని తీగ చక్కగా నున్నది; 6వ దానిది తెగినట్లు చూపినది. ప్లగ్గులో వాననీరు దిగి, పిన్నుకు పచ్చని చిలుము పట్టియున్నది. క్రొత్త పెట్టె బిగించునప్పుడు ప్లగ్గు కదలుటచే మూడు దినములు పని జరిగినది, అంతియే.

మీటరు సున్నకు దగ్గరగా చూపినచో తీగలు రెండును ఎచ్చటనో తాకుచున్నవని అర్థము. నిరోధము సరిగానే యుండియు వార్తలు నిలిచినచో, బ్యాటరీ మరల తగిలించి, తాళము త్రిప్పి వోల్టులు చూడవలెను. ఒక తీగ సున్న చూపినచో కారు ఇనుప శరీరమునకును, 12 చూపినచో బ్యాటరీ తీగకును తాకుచున్నదేమో వెదకవలెను. ఒక్కొక్కప్పుడు లోపము గల ఒక్క పెట్టెయే అందఱి నోరును కట్టివేయును. అప్పుడు పెట్టెల ప్లగ్గులను ఒకటొకటిగా ఊడదీయుచు, ఏది తీసినప్పుడు తక్కినవి మాటలాడునో చూతురు. కొన్ని కార్లలో సాకెట్టునకును లోపలి తీగలకును నడుమ ద్వారపాలకుని వంటి వేఱొక పెట్టె యుండును. అచ్చట సాకెట్టువద్ద 60 రాలేదని తొందరపడరాదు. ఆ కారు పటము చూడవలెను. వీని కన్నిటికిని ముందు బ్యాటరీయే బలహీనముగా నున్నదేమో చూచుకొనుట మంచిది. అది నీరసించినను ఇట్టి సంకేతములు గుంపుగా వచ్చును.

టాక్సీ ప్లగ్గునకు క్రొత్త పిన్ను వేసి, నీరు చొరకుండ రబ్బరు మార్చి, ఆ పెద్దాయన పుచ్చుకొన్న కూలి ఒక పూట సంపాదన కూడ కాదు. బిగించిన పెట్టెను అంగడివారు వెనుకకు తీసికొనలేదు. మా ప్రయోగశాలలో ఒక మల్టీమీటరు కలదు. రెండు నిరోధములు తెప్పించితిని. వచ్చు శనివారము కొలిచి చూడగోరువారు, తండ్రులును గూడ, రావచ్చును.