పదో బెజ్జంలో నిషాదం

సి శ్రుతిలో ఉన్న పది బెజ్జాల మౌత్ ఆర్గాన్ మీద శంకరాభరణం ఆరోహణ వాయించి చూడండి. నాలుగో బెజ్జంలో ఊదితే స, పీలిస్తే రి. ఐదులో ఊదితే గ, పీలిస్తే మ. ఆరులో ప, ధ. ఇంతవరకూ ఊపిరి ఒక లయలో నడుస్తుంది. ఏడు దగ్గర లయ తప్పుతుంది: ధ పీల్చిన వెంటనే ని కూడా పీల్చాలి, ఊదితే పై స. అక్కణ్ణుంచి వరస తలకిందులు. పీల్చే స్వరం కిందా, ఊదే స్వరం పైనా ఉంటాయి. పదో బెజ్జానికి చేరితే పీల్చినప్పుడు ధ, ఊదినప్పుడు ఏకంగా స. మధ్యలో ని లేదు. మొదటి మూడు బెజ్జాల్లోనైతే మ, ధ రెండూ లేవు.

ఇది తయారీ లోపం కాదు. 19వ శతాబ్దపు జర్మన్ ప్రాంతాల్లో ఈ వాయిద్యం పుట్టినప్పుడు దాని పని జానపద నాట్యాలకు పాట, దానికి తోడుగా స్వరాల గుత్తి. పక్కపక్క బెజ్జాల్లో ఒకేసారి ఊదితే అపస్వరం రాకూడదు. అందుకోసం కొన్ని స్వరాలను వదులుకున్నారు. రిక్టర్ పేరుతో పిలిచే ఆ అమరికే నేటికీ నడుస్తోంది. ట్రోసింగెన్ ఊళ్లో గడియారాలు చేసుకునే మథియాస్ హోనర్ 1857లో ఈ పనిలోకి దిగి, మొదటి ఏడాది 650 వాయిద్యాలు చేశాడు. ఆ సంస్థే 1896లో మెరైన్ బ్యాండ్ అనే నమూనా తెచ్చింది. బేరిచెక్క దిమ్మ, రెండు ఇత్తడి పలకలు, వాటిమీద ఇరవై ఇత్తడి రీడ్లు. ముఖ్యమైన సరంజామా ఇదే.

పద్యనాటకం చూసినవాళ్లకు ఈ రీడు కొత్త కాదు. హార్మోనియం పెట్టెలో ఉండేదీ ఇదే జాతి: ఒక కొస పలకకు బిగించి, రెండో కొస గాలికి వదిలేసిన సన్నని రేకు. ఈ జాతికి మూలపురుషుడు చైనా వెదురు వాయిద్యం షెంగ్. హార్మోనియం మీద మనవాళ్లకున్న పాత ఫిర్యాదు అది గమకం పలకదని. 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించినప్పుడు వినిపించిన కారణాల్లో అదొకటి. మరి దాని చిట్టి దాయాది మౌత్ ఆర్గాన్ స్వరాన్ని ఎలా వంచి కిందికి జార్చుతుంది? హార్మోనియంలో రీడుకూ వాయించేవాడి నోటికీ సంబంధం లేదు, మధ్యలో తిత్తి ఉంది. మౌత్ ఆర్గాన్‌లో మీ నోరే పెట్టె. పైగా ఒక్కో గదిలో రెండు రీడ్లు ఎదురెదురుగా ఉంటాయి, ఒకటి ఊదడానికి, ఒకటి పీల్చడానికి.

ఈ జంట ఏం చేస్తుందో పిట్స్‌బర్గ్‌లో గుండె ఆపరేషన్లు చేసే హెన్రీ బాన్సన్, ఇంజనీరు జేమ్స్ అంటాకీ, మరొకరు కలిసి కొలిచి 1998లో ప్రకటించారు. బాన్సన్ స్వయంగా మౌత్ ఆర్గాన్ వాయించేవాడు. వాళ్లకు తేలింది ఇది. మామూలుగా ఊదితే ఊదుడు రీడే మోగుతుంది. స్వరాన్ని వంచినప్పుడు మోత మెల్లగా దాని జంటకు బదిలీ అవుతుంది. అంటే పదో బెజ్జంలో ఊదుతూ స నుంచి ని దాకా, ఇంకా వంచి కైశికి నిషాదం దాకా దిగితే, చివరికి ఎక్కువగా మోగేది పీల్చుడు రీడు. గాలి బయటికే పోతోంది, పలికేది మాత్రం రెండోది! నాకు ఈ వాయిద్యంలో ఇంతకన్నా ముచ్చటైన సంగతి కనిపించలేదు.

ఆ బదిలీ జరిపించేది నాలుక. కొత్తవాళ్లు పై స్వరం పలక్కపోతే గట్టిగా ఊదుతారు, సరిగ్గా అదే చెడగొట్టేది. పై రీడ్లు పొట్టివి, పలకకూ రీడు కొసకూ మధ్య సందు చాలా తక్కువ. దెబ్బలాంటి ఊపిరి తగిలితే రీడు ఆ సందును మూసేసి, ఊగకుండా ఉండిపోతుంది. కావలసింది తక్కువ గాలి, చిన్న నోరు. పదో బెజ్జం స సెకనుకు 2,093 సార్లు ఊగుతుంది. అంత హెచ్చు స్వరానికి నోట్లో స్పందించే ఖాళీ కూడా చిన్నదిగానే ఉండాలి. ఈల స్వరం పెంచినప్పుడు నాలుక ముందుకు జరిగినట్టే ఇక్కడా జరగాలి. 'ఊ' అంటే నాలుక వెనక్కి పోతుంది, అది కింది బెజ్జాలకు పనికొస్తుంది. 'ఈ' అంటే ముందుభాగం అంగిలికి దగ్గరవుతుంది. అక్కణ్ణుంచి 'శీ' అనబోయేంత దగ్గరికి, వెంట్రుకవాసి చొప్పున, ఊపిరి ఆపకుండా జరిపితే ఎనిమిదో బెజ్జంలో గ జారి సాధారణ గాంధారమవుతుంది. దవడ, గొంతు వదులుగా ఉండాలి. ఊపిరి పొట్టలోంచి నిలకడగా రావాలి. ముక్కులోంచి గాలి కారుతుంటే మాత్రం ఏ తంటా పడినా స్వరం నిలవదు. ఎనిమిది లొంగాకే తొమ్మిది, ఆ తర్వాతే పది. అసలు సి శ్రుతి మీద మొదలుపెట్టడమే మొండితనం. జి లేదా ఎ శ్రుతి వాయిద్యంలో రీడ్లు ఇంత పొట్టిగా ఉండవు, త్వరగా దారికొస్తాయి.

జర్మన్ గడియారాల ఊరివాళ్లు ఇదేదీ ఊహించి చేయలేదు. వంపుల్ని వాయిద్యానికి ప్రాణంగా మార్చింది అమెరికా దక్షిణాది నల్లజాతి వాద్యకారులు. వాళ్లలో ఎక్కువమంది కింది బెజ్జాల్లో పీల్చి వంచితే, మిసిసిపీలో పుట్టిన జిమ్మీ రీడ్ పై కొసకు ఎక్కాడు. చేతుల్లో గిటారు, మెడకు తగిలించిన చట్రంలో మౌత్ ఆర్గాన్. 1957లో వచ్చిన ఆయన 'ఆనెస్ట్ ఐ డూ' వింటే పై బెజ్జాల ఊదుడు వంపు అంటే ఏమిటో వివరణ అక్కర్లేకుండా తెలుస్తుంది.

షికాగో వాద్యకారుడు హవర్డ్ లెవీ 1970 ప్రాంతంలో ఇంకో తలుపు తీశాడు. పదో బెజ్జంలో పీలుస్తూ నోటిని సరిగ్గా అమర్చితే పీల్చుడు రీడు స్తంభించి, ఊదుడు రీడు తన సొంత స్వరం కన్నా పైన మోగుతుంది. దానికి రీడ్ల సందులు ముందే సన్నగా సరిచేసుకోవాలి. అలా వచ్చేది పై స మీద శుద్ధ రిషభం. ఆ వాయిద్యంలోని ఇరవై రీడ్లలో ఏ ఒక్కదానికీ అంత పై స్వరం లేదు.