స్టీలు గ్లాసుల్లో నాపా వైన్

మొన్న వేసవిలో నేనూ మా ఆవిడా కాలిఫోర్నియాలో మా మనవడింట్లో ఉన్నాం. ఒకరోజు సాయంత్రం వాడు కంప్యూటరు ముందునుంచి లేచి పరుగెత్తుకొచ్చాడు. "తాతయ్యా! ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. ఇన్నాళ్లకి నా వంతొచ్చింది" అన్నాడు. గ్రీన్ కార్డే అనుకుని మా ఆవిడ దేవుడి గూటివైపు తిరిగి దణ్ణం పెట్టేసింది కూడా. తీరా చూస్తే అది వైన్ కొనుక్కోవడానికి పిలుపట! పేరు స్క్రీమింగ్ ఈగిల్, అంటే కేకపెట్టే గద్ద. మూడు సీసాల పెట్టె, సీసా వెయ్యి డాలర్ల పైమాట. ధర వినగానే కేక పెట్టింది మాత్రం మా ఆవిడ.

"కొనమంటావా?" అని నన్నడిగాడు. నేను వైన్ తాగను. కానీ నలభై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన పాపానికి, ద్రవం ఏదైనా సరే నన్నే అడగాలని మా ఇంట్లో వాళ్లకి నమ్మకం. సరే, కాగితం పెన్సిలు పట్రా అన్నాను.

ముందు దాని పుట్టుక చెప్పించుకున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన నాపా లోయ ఉంది, అందులో ఓక్‌విల్ అనే చిన్న ఊరు. 1986లో జీన్ ఫిలిప్స్ అనే ఆవిడ అక్కడ 57 ఎకరాలు కొంది. వృత్తి రియల్ ఎస్టేటు. కాసిన ద్రాక్షలో చాలాభాగం పక్కవాళ్లకే అమ్మేది. కొంచెం అట్టేపెట్టుకుని, హైదీ బారెట్ అనే చెయితిరిగిన వైన్ మేకర్‌తో చేయించిన మొదటి సరుకు 1992 పంటది. మొత్తం కలిపి రెండొందల పెట్టెలు అటూఇటూ. రాబర్ట్ పార్కర్ అనే విమర్శకుడు దానికి నూటికి 99 మార్కులేశాడు. అంతే! 2000లో నాపాలో జరిగిన ధర్మకార్యపు వేలంలో ఆ 1992 వైన్ ఆరు లీటర్ల సీసా ఒకటి 5 లక్షల డాలర్లు పలికింది. వేలంవెర్రి అనే మాట మనవాళ్లు ఎందుకు పుట్టించారో గానీ, ఇంతకన్నా అతికినట్టు సరిపోయే సందర్భం నాకు తెలీదు.

ఇక లెక్క. నాపాలో కాబర్నే అనే రకం ద్రాక్ష టన్ను ధర 2022, 2023 ప్రాంతాల్లో సగటున 9,000 డాలర్లకి దగ్గర్లో ఉంది. టన్ను పళ్లకి ఇంచుమించు 720 సీసాల వైన్ దిగుతుంది. అంటే సీసాకి పన్నెండున్నర డాలర్ల ద్రాక్ష. దాన్ని కొత్త ఫ్రెంచి ఓక్ పీపాలో ఏడాదిన్నర, రెండేళ్లు ఊరబెడతారు. పీపా ఖరీదు వెయ్యి డాలర్ల పైచిలుకు, పట్టేది 225 లీటర్లు, మూడొందల సీసాలు. సీసాకి నాలుగు డాలర్లనుకోండి. పోనీ మహా గొప్ప తోట, గుత్తి గుత్తికీ చాకిరీ, ద్రాక్ష ఐదింతల ఖరీదు వేద్దాం. సీసా, బిరడా, కూలీ అన్నీ కలిపినా వంద డాలర్ల దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

"మిగతా తొమ్మిదొందలు?" అన్నాను.

"అది రుచి తాతయ్యా" అన్నాడు వాడు.

రుచి అన్నాడు కాబట్టి అసలు సంగతికొద్దాం. ఎర్ర వైన్‌లో మొట్టమొదట నాలిక్కి తగిలేది వగరు. పచ్చి జామపిందె కొరికితే నోరంతా పిడచకట్టుకుపోతుంది చూడండి, అదే. నిజానికి వగరు రుచికన్నా స్పర్శకి దగ్గర. మన లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లుంటాయి. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వచ్చే టానిన్లు వాటిని పట్టుకుని ముద్దకట్టేస్తాయి. జారుడు పోయి నాలుక గరుకెక్కుతుంది. కరక్కాయలోనూ పోకచెక్కలోనూ ఉన్నవి ఈ టానిన్లే. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ ఇవి రంగు అణువులతో కలిసి పెద్దవవుతాయి, కొన్ని మడ్డిగా అడుక్కి దిగుతాయి, వగరు మెత్తబడుతుంది. పాత బియ్యానికి ఎక్కువ ధర ఇచ్చే మనకి ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కాకపోతే పాత బియ్యం అన్నం వండితే ఎవరికైనా తేడా తెలుస్తుంది. మరి వైన్?

ఈ ప్రశ్న కాలిఫోర్నియాలోనే ఒకాయన వేసుకున్నాడు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అని, ప్రొఫెసరుగిరీ చేసి, సొంతంగా చిన్న వైనరీ కూడా పెట్టుకున్న మనిషి. ఆయన వైన్‌కి ఒక పోటీలో బంగారు పతకం, ఇంకో పోటీలో గుండుసున్నా. ఒళ్లు మండి, కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వాళ్లని ఒప్పించి జడ్జీలకే పరీక్ష పెట్టాడు. ఒకే సీసాలోంచి పోసిన ఒకే వైన్‌ని, ఆ మాట చెప్పకుండా, మిగతావాటి మధ్య మూడుసార్లు ఇప్పించాడు. మూడుసార్లూ ఇంచుమించు ఒకే మాట మీద నిలబడ్డవాళ్లు పదిమందిలో ఒక్కరు! 2008లో అచ్చయింది ఆ లెక్క. వాల్యుయేషన్ క్యాంపుల్లో పేపర్లు దిద్దినవాణ్ణి కనక నాకేమీ ఆశ్చర్యం వేయలేదు. భోజనానికి ముందు చేతికొచ్చిన పేపరుకీ తర్వాత వచ్చినదానికీ తేడా ఉండేది.

"వాళ్ల సంగతి సరే, నాకు తెలుస్తుంది" అన్నాడు మనవడు. అయితే పట్రా అన్నాను. అసలు గద్ద మా దగ్గర లేదు కాబట్టి ఇరవై డాలర్ల నాపా సీసా ఒకటి, నూటయాభై డాలర్లది ఇంకొకటి తెచ్చాడు. రెండూ కాబర్నేలే, పంట కూడా ఒకే ఏడాదిది.

పరీక్ష ఇలా పెట్టాను. మూడు గ్లాసులు. రెంటిలో ఒకే వైన్, మూడోదాంట్లో రెండోది. వేరేది ఏదో పట్టుకోవాలి. ఏమీ తెలియకుండా గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఆరుసార్లు పెట్టాలన్నాను. రంగు చూసి పసిగట్టకుండా స్టీలు గ్లాసులు తీశాను. మా పెళ్లికి అత్తవారిచ్చినవి, అన్నిటి మీదా ఒకేలా ఇంటిపేరు చెక్కి ఉంటుంది. మనవడి కాపురానికి మా ఆవిడ సూట్‌కేసులో పెట్టి తెచ్చింది. గ్లాసు అడుగున చిన్న కాగితం మీద నంబరేసి అంటించాను. పోసింది నేను, వంటింట్లో తలుపేసుకుని. తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టింది మా ఆవిడ. పోసినవాడి మొహం చూసి జవాబు కనిపెట్టేవాళ్లుంటారు, అందుకని. "డెబ్బై ఏళ్లొచ్చాక నా చేత ఈ పనులు కూడా చేయిస్తున్నారు" అంటూనే పళ్లెంలో పెట్టి పట్టుకెళ్లింది.

ఆరింటిలో మనవడు సరిగ్గా చెప్పినవి రెండు. కళ్లు మూసుకుని గుడ్డిగా చెప్పినా వచ్చే మార్కులే. వాడి పక్కన వాడి భార్య, ఎప్పుడో పండక్కో పబ్బానికో అరగ్లాసు తాగే పిల్ల, ఆరుకి ఆరూ చెప్పింది! గాలివాటుగా అలా జరగాలంటే 729సార్లకి ఒకసారి. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ సరిచూశాను. కాబట్టి తేడా ఉందన్నమాట నిజమే. వైన్ అంతా బూటకం అని తేల్చేద్దామని కూర్చున్న నాకు అక్కడ కాస్త గాలి తీసినట్టయింది.

"ఏది బావుందమ్మా?" అన్నాను. తడుముకోకుండా ఇరవై డాలర్లదాన్ని చూపించింది. రెండోది కరక్కాయ కషాయంలా ఉందట.

ఏది ఏమిటో అప్పుడు బయటపెట్టాను. మనవడు నూటయాభై డాలర్ల గ్లాసు మళ్లీ తీసుకుని, ఓ గుక్క నోట్లో తిప్పి, కళ్లు మూసుకుని, "ఇప్పుడు తెలుస్తోంది, ఎంత లోతుందో" అన్నాడు. భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. నేను నవ్వలేదు. వాడు అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు.

2008లోనే అచ్చయిన ఇంకో ప్రయోగంలో కాల్‌టెక్, స్టాన్‌ఫర్డ్ వాళ్లు 20 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి గొట్టాలతో వైన్ పట్టించారు. ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు బావుందనడమే కాదు, నుదుటి వెనకాల సుఖాన్ని లెక్కగట్టే ప్రాంతం కూడా ఎక్కువ వెలిగింది. నాలుక పంపిన సమాచారం అదే, పైన ధర కలిసి సుఖం పెరిగింది. ఆ సుఖం అచ్చమైనదే. తిరుపతి లడ్డూని మామూలు మిఠాయికొట్టు పళ్లెంలో పెట్టి, ఎక్కడిదో చెప్పకుండా ఇస్తే అదే ఆనందం ఉంటుందా? నేను మాత్రం ఉంటుందని చెప్పలేను.

చిక్కల్లా ఏమిటంటే, ధరే రుచి అయినప్పుడు లేబులు మార్చి రుచిని అమ్మొచ్చు. రూడీ కుర్నియావన్ అనేవాడు తన ఇంట్లోనే వైన్లు కలిపి, పాత ఫ్రెంచి లేబుళ్లంటించి కోటీశ్వరులకి అమ్మాడు. లొట్టలేస్తూ తాగారు. పట్టుబడింది నాలిక వల్ల కాదు. ఫ్రాన్సులో వైన్ చేసే కుటుంబంవాడు లారాన్ పాన్సో, ఫలానా తోట పేరుతో తమవాళ్లు అసలు వైనే చేయని సంవత్సరాలు లేబుళ్ల మీద ఉన్నాయని 2008లో గుర్తుపట్టాడు. 2014లో రూడీకి పదేళ్ల జైలు పడింది.

"సరేరా, కొన్నావనుకో. ఎప్పుడు విప్పుతావు?" అన్నాను. పదిహేనేళ్లు ఆగాలన్నాడు. ఎక్కడ పెడతావు? గ్యారేజీలో. ఆ గ్యారేజీలో మధ్యాహ్నం నేను అప్పడాలు ఎండబెడుతున్నాను. వైన్‌కి పన్నెండు, పదమూడు డిగ్రీల చీకటి గది కావాలి. పదిహేనేళ్ల తర్వాత ఎవరితో కూర్చుని తాగుతావు? దానికి జవాబు రాలేదు.

నా మాటగా ఒక్కటే చెప్పాను. వంద డాలర్లు సరుక్కి, తొమ్మిదొందలు పేరుకి. పేరు పంచుకునేవాళ్లుంటే పెట్టు, దాచుకోవడానికైతే పెట్టకు. వాడు రెండు రోజులు ఆలోచించి, ఇద్దరు స్నేహితుల్ని కలుపుకుని పెట్టె కొన్నాడు, తలో సీసా. వాడి సీసాని పుట్టబోయే బిడ్డ అన్నప్రాసన నాడు విప్పుతారట. ఆ మాట అప్పుడే మా చెవిన పడింది! మా ఆవిడ ఈసారి దేవుడి గూటి దగ్గరికి నడిచే వెళ్లింది.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగి గ్లాసు బోర్లిస్తే, అడుగున నా చేతిరాతతో 4 అంకె ఇంకా అంటుకునే ఉంది. దాంట్లో ఇరవైది పోశానో నూటయాభైది పోశానో కాగితం చూసుకుంటేగాని నాకే గుర్తు రాలేదు.