సూదిలో నిలిచిన దిక్కు

తెలుగులో అయస్కాంతానికి సూదంటురాయి అనే పాత పేరు ఉంది. సూదిని అంటుకునే రాయి అని దానికి అర్థం. సంస్కృతం నుంచి వచ్చిన అయస్కాంతం అనే మాటలో అయస్సు అంటే ఇనుము, కాంతం అంటే ప్రియమైనది. ఈ రెండు పేర్లకూ మూలం మాగ్నటైట్ అనే నల్లని ఖనిజం. ఇనుము, ఆక్సిజన్ కలిసి ఏర్పడిన ఈ ఖనిజపు నలుసులు భీమునిపట్నం వంటి తీరాల ఇసుకలోనూ ఉంటాయి కాబట్టి, ఆ ఇసుకలో అయస్కాంతాన్ని దొర్లించి తీస్తే దాని కొసలకు నల్లని రజను మీసాల్లా నిక్కపొడుచుకుని అతుక్కుంటుంది.

ఇనుము కనుక అతుక్కుంటుందని సాధారణంగా చెప్పే జవాబు నిజమే అయినా అసంపూర్ణం. వంటింటి స్టీలు గిన్నెల్లో అధికభాగం ఇనుమే అయినప్పటికీ వాటిలో చాలా వాటికి అయస్కాంతం అతుక్కోదు. క్రోమియం, నికెల్ కలిపినప్పుడు ఆ లోహంలో అణువుల అమరిక మారిపోవడమే అందుకు కారణం. అంటే అయస్కాంతత్వానికి పదార్థం ఎంత ముఖ్యమో, దాని లోపలి అమరికా అంతే ముఖ్యం.

ప్రతి ఎలక్ట్రాన్ ఒక అతిసూక్ష్మ అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. రాగి వంటి లోహాల్లో ఎలక్ట్రాన్లు జతలుగా ఉండి ఒకదాని ప్రభావాన్ని మరొకటి దాదాపు రద్దు చేసుకుంటాయి. ఇనుము, నికెల్, కోబాల్టులలో మాత్రం జత కుదరని ఎలక్ట్రాన్లు మిగలడమే కాక, ఇరుగుపొరుగు అణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి చిన్నచిన్న గుంపులుగా ఏర్పడతాయి. డొమైన్లు అని పిలిచే ఈ గుంపుల ఊహను ఫ్రెంచి శాస్త్రవేత్త పియరీ వైస్ 1907లో ప్రతిపాదించాడు. మామూలు ఇనుప ముక్కలో డొమైన్లు తలో దిక్కుకు ఉండటం వల్ల మొత్తం మీద బలమేమీ బయటికి కనిపించదు.

కుట్టుసూదిని తీసుకుని, అయస్కాంతపు ఉత్తర ధ్రువంతో బెజ్జం నుంచి మొనదాకా ఒకే దిశలో, వెనక్కి రుద్దకుండా, ముప్ఫై నలభై సార్లు రుద్దితే అనుకూల దిశలోని డొమైన్లు పక్కవాటిని తమలో కలుపుకుంటూ పెరుగుతాయి. మొన వద్ద దక్షిణ ధ్రువం, బెజ్జం వద్ద ఉత్తర ధ్రువం ఏర్పడతాయి. ఆ సూదిని చిన్న ఆకు మీద ఉంచి మూకుడులోని నీటిపై వదిలితే ఆకు మెల్లగా తిరిగి ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది, వేలితో తిప్పినా మళ్లీ అదే దిక్కుకు వస్తుంది. సూదిని రెండుగా విరిచినా ఏ ముక్కా ఒంటి ధ్రువంతో మిగలదు. లోపలి వరుస అలాగే ఉంటుంది కనుక ప్రతి ముక్కకూ మళ్లీ రెండు ధ్రువాలుంటాయి. వరుసను చెదరగొట్టేది వేడి: ఇనుమును 770 డిగ్రీల సెల్సియస్ దాటించినప్పుడు, క్యూరీ ఉష్ణోగ్రత అనే ఆ హద్దు మీద, అణువుల అలజడికి డొమైన్లే చెదిరిపోతాయి.

నీటిపై సూదిని తిప్పేది భూమి. భూమే ఒక పెద్ద అయస్కాంతమని ఆంగ్ల వైద్యుడు విలియం గిల్బర్ట్, సూదంటురాయితో గుండ్రని నమూనా భూమిని చెక్కించి పరీక్షించి, 1600లో ప్రకటించాడు. విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి కనుక, సూది ఉత్తర ధ్రువాన్ని లాగే భౌగోళిక ఉత్తరం వైపున నిజానికి అయస్కాంత దక్షిణ ధ్రువమే ఉండాలి. విద్యార్థులను ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. అయితే భూగర్భం విపరీతమైన వేడి గనుక అక్కడి ఇనుము సూదిలా అయస్కాంతంగా నిలవలేదు. దాదాపు 2,900 కిలోమీటర్ల లోతున మొదలయ్యే ద్రవ ఇనుము కదలికల వల్ల పుట్టే విద్యుత్ ప్రవాహాలే భూ అయస్కాంత క్షేత్రానికి ఆధారం. విద్యుత్ ప్రవహించే తీగ దిక్సూచి ముల్లును కదిలిస్తుందని 1820లో డెన్మార్కు శాస్త్రవేత్త ఆర్‌స్టెడ్ గమనించడంతోనే ఈ బంధం బయటపడింది.

ఆ బంధం ఎంత గట్టిదో బొంబాయికి అనుభవంలోకి వచ్చింది. అక్కడి కొలాబాలో 1841లో మొదలైన భూ అయస్కాంత కొలతలను, నగరంలో కరెంటు ట్రాములు రానుండటంతో, వాటి ప్రవాహాలు ముళ్లను చెదరగొడతాయని 1904లో అలీబాగ్‌కు మార్చారు. రెండేళ్లపాటు రెండు చోట్లా కలిపి కొలిచి పోల్చుకున్నారు. అలీబాగ్‌లో పరిశీలనా గదులను అయస్కాంత గుణం లేని పోర్‌బందర్ రాయితో కట్టారు. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కూడా, నగరపు సందడి పెరిగాక, చౌటుప్పల్ దగ్గర మరో అయస్కాంత పరిశీలనా కేంద్రాన్ని నెలకొల్పింది.