పంటి మీద మచ్చ – ఏ వైద్యం? ఎవరికి?

కిందటి ఏడు మా బడిలో పదో తరగతి పిల్లలు గ్రూపు ఫొటో తీయించుకున్నారు. ఫొటోగ్రాఫరు "నవ్వండి" అనగానే అందరూ నవ్వారు. రెండో వరుసలో ఒక అమ్మాయి మాత్రం చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది: "మాస్టారూ, నరసరావుపేటలో పళ్ళు తెల్లగా చేస్తారట. చేయించుకుంటే మంచిదేనా?"

ఆ అమ్మాయి ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. అప్పటికి రెండు నెలలుగా నిమ్మచెక్క, ఉప్పు, ఇటుకపొడి కలిపి రుద్దుతున్నదట. చారలు పోలేదు సరికదా, చన్నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయి. మన పల్నాడులో ఇలాంటి పిల్లలు ఎందరో ఉన్నారు. అందుకే ఈ నెల పళ్ళ వైద్యం గురించి మాట్లాడుకుందాం.

పన్ను ఎలా కట్టబడింది?

పంటికి పైన ఉండేది పింగాణీ పొర. మన శరీరంలో ఎముక కన్నా గట్టి పదార్థం ఇదే. దాని కింద డెంటైను, దాని లోపల నరాలూ రక్తనాళాలూ ఉండే పల్పు. చర్మం తెగితే మళ్ళీ మూసుకుంటుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. పింగాణీ పొర మాత్రం అరిగితే మళ్ళీ పుట్టదు. ఎందుకంటే దానిలో జీవకణాలు లేవు.

ఒక ప్రయోగం చేయండి. కోడిగుడ్డు పెంకు ముక్కను నిమ్మరసంలో వేయండి. బుడగలు వస్తాయి. మర్నాటికి పెంకు మెత్తబడుతుంది. పెంకులో ఉన్నది కాల్షియం కార్బనేటు, పంటిలో ఉన్నది కాల్షియం ఫాస్ఫేటు. రెండూ ఆమ్లానికి లొంగేవే. నిమ్మచెక్కతో పళ్ళు తోమితే ఏమవుతుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

మచ్చలు మూడు రకాలు

వైద్యం ఏదో తెలియాలంటే ముందు మచ్చ ఏదో తెలియాలి.

చిగురు అంచున పసుప్పచ్చగా, గరుకుగా పేరుకునేది గార. ఇది పంటి పైన అంటుకున్నది.

ఏదో ఒక పంటి గాడిలోనో, రెండు పళ్ళ సందులోనో నల్లగా గుంటపడేది పిప్పి. నోట్లోని బాక్టీరియా తీపిని ఆమ్లంగా మార్చి పంటిని కరిగించడం వల్ల ఇది వస్తుంది.

ఇక కుడి పంటి మీదా, దాని జత అయిన ఎడమ పంటి మీదా ఒకే తీరున అడ్డంగా చారలుంటే, అది సాధారణంగా ఫ్లోరైడు మచ్చ. ఇది పింగాణీ పొర లోపలే ఉంటుంది.

మన దేశంలో ఈ ఫ్లోరైడు వ్యాధి మొదట బయటపడింది మనకు పొరుగునే. 1937లో షార్టు అనే శాస్త్రవేత్తా, ఆయన సహచరులూ అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో దీనిని గుర్తించి ప్రకటించారు. ఆ దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లాలో చేరాయి. మన వినుకొండ, బొల్లాపల్లి వైపు బోరునీళ్ళలోనూ ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్ళున్నాయి. భూమి లోపలి రాళ్ళ నుంచి అది నీటిలో కరుగుతుంది.

తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, అలాంటి నీళ్ళు తాగితే పింగాణీ పొర సరిగా గట్టిపడదు. ఆ తర్వాత ఎంత తోమినా మచ్చ పోదు. అది మురికి కాదు గనుక.

ఏ వైద్యం దేనికి?

పళ్ళు శుభ్రం చేయించడం: ఇది గారకు. "అలా గీకిస్తే పళ్ళు కదులుతాయి" అంటారు. పళ్ళను వదులు చేసేది గార కింద వాచిన చిగురే. గార పోయాక సందులు కనిపిస్తాయి, కొన్నాళ్ళు జివ్వుమంటుంది, అంతే. అయితే దీనివల్ల ఫ్లోరైడు మచ్చ పోదు.

పిప్పి పూడ్చడం: గుంట చిన్నగా ఉన్నప్పుడు సులువు, ఖర్చు కూడా తక్కువ. ఆలస్యమైతే పిప్పి పల్పును చేరుతుంది. అప్పుడు రాత్రిళ్ళు సలుపు మొదలవుతుంది.

రూట్ కెనాల్: చెడిన పల్పును తీసి, వేరు కాలువలు శుభ్రం చేసి పూడుస్తారు. ఎక్స్‌రే అవసరం. పన్ను నిలుస్తుంది గాని పెళుసెక్కుతుంది, కనుక దవడ పంటికి సాధారణంగా తొడుగు వేస్తారు. తొడుగు వద్దని మిగిల్చిన డబ్బు, పన్ను చీలితే దండగే.

పీకించడం: నిలపడానికి వీల్లేని పంటికే ఇది. నా ఇరవై రెండో ఏట కింది దవడ పన్ను సలిపితే, సంతలో పళ్ళు పీకే మనిషి చేత పీకించుకున్నాను. ఆ పూటకు సుఖమే. కొన్నేళ్ళకు పక్క పన్ను ఆ ఖాళీలోకి వాలింది, పై పన్ను కిందికి దిగింది. సందుల్లో మెతుకులు ఇరుక్కుని ఇంకో పన్నూ పోయింది. ఒక్క పన్నుతో పోయేదానికి రెండు సమర్పించుకున్నాను!

అంతకన్నా పెద్ద ప్రమాదం కడగని పనిముట్లది. వాటిమీద మిగిలిన రక్తం ద్వారా హెపటైటిస్-బి లాంటి జబ్బులు రావచ్చు. ఆసుపత్రిలో పనిముట్లను ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరిలో ఉంచుతారు. మన ఇంటి ప్రెషర్ కుక్కరు సూత్రమే అది. గుండె కవాటాల జబ్బున్నవారు, మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

"పై పన్ను పీకిస్తే చూపు పోతుంది" అన్నది ఉత్త భయం. పళ్ళకు వెళ్ళేది ఐదో కపాల నాడి, చూపుకు రెండో కపాల నాడి. ఆ దారి వేరు, ఈ దారి వేరు.

తెల్లబరచడం: పెరాక్సైడు మందు పంటి రంగును విరగ్గొడుతుంది. చిగుళ్ళు మండవచ్చు, పళ్ళు జివ్వుమనవచ్చు. తెల్ల చారలు ఇంకా కొట్టవచ్చినట్లు కనబడవచ్చు. పద్దెనిమిదేళ్ళ లోపు వారికి సాధారణంగా చేయరు. లేత ఫ్లోరైడు మచ్చలకు పై పొరను అతి పలుచగా అరగదీసే పద్ధతి ఉంది. గుంటలు పడ్డ పళ్ళకు పంటి రంగు పూత వేస్తారు. ఏది చేసినా డాక్టరే చేయాలి. అరగదీసిన పొర తిరిగిరాదు.

పేస్టు మానాలా?

ఫ్లోరైడు మచ్చలకు కారణమైతే, పేస్టులో అదెందుకు? పంటి పైన కొద్దిగా తగిలితే అది పింగాణీని ఆమ్లానికి ఓర్చుకునేలా చేస్తుంది. పసితనంలో ఎక్కువగా కడుపులోకి పోతేనే చేటు. మూడేళ్ళు దాటిన పిల్లలకు బఠానీ గింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మేలా పెద్దలు దగ్గరుండి చూడాలి.

నీటిని మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై, మిగిలినదానిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతికి మన తెలుగు ఊరి పేరు మీదనే నల్గొండ పద్ధతి అని పేరు. ఫ్లోరైడు తక్కువగా ఉన్న నదీజలాలు దొరికితే మరీ మేలు.

ఇంతకీ ఆ అమ్మాయి? వాళ్ళ నాన్నతో కలిసి పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళింది. తెల్లబరచడం ఇప్పుడు వద్దన్నాడట. కాని ఎవరికీ కనిపించని దవడ పంటిలో చిన్న పిప్పి దొరికింది, పూడ్చాడు. ఇటుకపొడి మానేసింది. వాళ్ళింట్లో మూడేళ్ళ తమ్ముడున్నాడు. వాడికి మాత్రం బోరునీళ్ళు పట్టడం లేదని చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు చున్నీ అడ్డం పెట్టుకోలేదు.

మీ ఊరి నీళ్ళలో ఫ్లోరైడు ఎంతో మీకు తెలుసా? గ్రామీణ నీటి సరఫరా శాఖ వారు పరీక్షిస్తారు. మీ సైన్సు మాస్టారితో కలిసి వెళ్ళి అడగండి.