డాక్టరుగారు పరిశోధనలో చేరమంటే ఏం అడగాలి?

వైద్య పరిశోధన అంటే పెద్ద ఆసుపత్రుల సంగతే అనుకుంటాం. కానీ మన కోలారు జిల్లాలోనే, శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో బెంగళూరు మెదడు పరిశోధన కేంద్రం 2018 నుంచి ఒక అధ్యయనం చేస్తోంది. 45 ఏళ్లు, ఆపైబడినవారిని ఏళ్ల తరబడి గమనించి, వయసుతో జ్ఞాపకశక్తి ఎలా మారుతుందో చూస్తారు. ఇది మందుల పరీక్ష కాదు. అయితే రేపు వేమగల్‌లో మనం ఎప్పుడూ చూపించుకునే డాక్టరుగారే ఏదో ఒక మందు పరీక్షలో చేరతారా అని అడగవచ్చు. అందుకే నాలుగు మాటలు చెప్పదలచాం.

జ్వరం, బీపీ, షుగరు ఏదైనా మనం ముందు వెళ్లేది దగ్గరి క్లినిక్కుకే. పెద్దాసుపత్రి రోగులపైనే పరీక్షిస్తే, ఇంట్లో ఉండి మాత్రలు వేసుకునేవారికి ఆ మందు పనిచేస్తుందో లేదో తెలియదు. 2020లో బ్రిటన్‌లో ప్రిన్సిపుల్ అనే పరీక్షను కుటుంబ డాక్టర్ల ద్వారానే నడిపారు. మన దగ్గర కూడా కోవిడ్‌కు చాలామందికి రాసిన అజిత్రోమైసిన్ వల్ల, ఇంట్లో ఉన్న రోగులు త్వరగా కోలుకోవడం లేదని అందులో తేలింది. అనవసరపు మాత్ర ఏదో తెలియడం కూడా లాభమే.

రెండో వైపూ చూడాలి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ప్రాజెక్టు జరిగింది. హాస్టళ్లలో చాలా పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకం చేశారు. 2010లో ప్రభుత్వం దాన్ని ఆపింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పినా, 2013లో పార్లమెంటు కమిటీ సమ్మతి తీసుకున్న తీరును గట్టిగా తప్పుపట్టింది. అడగకుండా చేస్తే మంచి టీకా మీద కూడా నమ్మకం పోతుంది.

కొత్త మందుల పరీక్షలకు 2019 నాటి కేంద్ర నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం:

• వివరాలు మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదవలేనివారికి చెప్పేటప్పుడు సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి.
• పత్రాల ప్రతి మనకు ఇవ్వాలి.
• చేరకపోయినా, మధ్యలో మానుకున్నా మామూలు వైద్యం ఆగకూడదు.
• పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, పరిహారం ఇవ్వాలి.
• నైతిక కమిటీ ఆమోదం, దేశీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి. నమోదు సంఖ్య అడగండి, ఇంట్లో పిల్లలు ఫోనులోనే చూసి చెబుతారు.

మన ఇళ్లలో మాట తెలుగు, చదువు కన్నడం. పెద్దవాళ్లలో కొందరికి రెండు లిపులూ రావు. కన్నడ పత్రం చేతికిస్తే తలూపి సంతకం పెట్టకండి. తెలుగులో చెప్పమని అడగడం హక్కు, అందులో నామోషీ లేదు. తరాలుగా చూస్తున్న డాక్టరుగారికి కాదనడం కష్టమే. అయినా మర్యాద కోసం సరే అనవద్దు. పత్రం ఇంటికి తెచ్చుకుని, కొడుకుతోనో కోడలితోనో చదివించుకుని, మర్నాడు జవాబు చెప్పండి. చదివిపెట్టేవారు లేకపోతే మన సంఘంలో అడగండి, మేము చదివి చెబుతాం. చేరాలా వద్దా అన్నది మాత్రం మీ నిర్ణయమే.