కత్తెర చేసే కనికట్టు

బాలలూ! మీరంతా సినిమాలు చూస్తారు గదా! తెరమీద దొంగలు ఒక ఇంటిని చుట్టుముడతారు. లోపల పిల్లలు బిక్కుబిక్కుమంటూ ఉంటారు. వాళ్ళ నాన్న ఎక్కడో దూరాన ఉంటాడు. అప్పుడు మీరేం చేస్తారు? కుర్చీ అంచుకు జరుగుతారు. పక్కనున్న అక్కయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. తెరమీద ఉన్నవి ఉత్త వెలుగునీడలేనని మీకు తెలుసు. అయినా గుండె దడదడ కొట్టుకుంటుంది. ఎందుకని?

నటులు బాగా నటించారు గనక అంటారు కొందరు. సంగీతం అలా ఉంది గనక అంటారు మరికొందరు. రెండూ నిజమే. కాని ఈ దడ పుట్టించడంలో పెద్దపాలు మరొకదానిది. అది తెరమీద కనిపించదు. అదే కత్తెర!

సినిమా కథను మనం చూసే వరసలోనే తీయరు. ఇంట్లో జరిగేవన్నీ ఒక వారం తీస్తారు. బజారులో జరిగేవి ఇంకో నెలలో, ఇంకో ఊళ్ళో తీస్తారు. ఇలా తీసిన ఒక్కొక్క ముక్కనూ షాట్ అంటారు. ఈ ముక్కల్లో మంచివి ఏరి, అక్కరలేనిది కత్తిరించి, మిగిలినవాటిని వరసగా అతికించి కథగా చేసే పనికి కూర్పు అని పేరు. ఇంగ్లీషులో ఎడిటింగ్ అంటారు. తెలుగు సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు ఈసారి జాగ్రత్తగా చూడండి. 'కూర్పు' అని ఒక పేరు కనిపిస్తుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. సెకనుకు 24 బొమ్మల చొప్పున మన కళ్ళ ముందు నడిస్తే, అవి కదులుతున్నట్టు కనిపిస్తాయి. 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద అడుగుకు 16 బొమ్మలు పడతాయి. అంటే ఒక సెకనుకు అడుగున్నర ఫిల్ము, ఒక నిమిషానికి 90 అడుగులు. రెండున్నర గంటల సినిమాకు ఎంత కావాలి? 13,500 అడుగులు! అందులో ఉండే బొమ్మలు 2,16,000. ఎడిటరు ఒక ముక్కలోంచి పన్నెండు బొమ్మలు తీసివేస్తే అర సెకను తగ్గుతుంది. ఆ అర సెకనులోనే ప్రేక్షకుడు ఉలిక్కిపడడమో, ఆవులించడమో తేలిపోతుంది.

పూర్వం ఈ పనిని నిజంగా కత్తెరతో, జిగురుతో చేసేవారు. 1924లో మూవియోలా అనే యంత్రం వచ్చింది. ఎడిటరు దాని ముందు కూర్చుని, ఫిల్మును ముందుకూ వెనక్కూ నడుపుతూ, ఎక్కడ కత్తిరించాలో చూసుకునేవాడు. ఇప్పుడు ఆ పనంతా కంప్యూటరు మీద జరుగుతోంది. పరికరం మారింది గాని, సూత్రాలు మారలేదు. అవేమిటో చూద్దాం.

మొదటిది, రెండుచోట్ల జరిగేదాన్ని మార్చి మార్చి చూపడం. అమెరికాలో డి. డబ్ల్యు. గ్రిఫిత్ అనే దర్శకుడు 1909లో 'ది లోన్లీ విల్లా' అనే చిన్న చిత్రం తీశాడు. దొంగలు ఒక ఇంటి యజమానిని మాయచేసి దూరంగా పంపిస్తారు. ఇంట్లో తల్లి, ముగ్గురు కూతుళ్ళు మాత్రమే ఉంటారు. దొంగలు తలుపులు బద్దలుకొడుతూ వస్తుంటారు. ఇంతలో దారిలో ఆగిన తండ్రి ఇంటికి టెలిఫోను చేస్తాడు, సంగతి తెలుస్తుంది, మాట్లాడుతుండగానే తీగె తెగుతుంది. ఇక ఆయన గుర్రపు బండి ఎక్కి ఇంటికి పరుగు!

గ్రిఫిత్ దీన్ని ఎలా చూపాడో గమనించండి. దొంగల పని మొత్తం చూపి, ఆ తరవాత తండ్రి ప్రయాణం మొత్తం చూపలేదు. తలుపు దగ్గర దొంగలు, లోపల పిల్లలు, దారిలో తండ్రి. మళ్ళీ దొంగలు, మళ్ళీ పిల్లలు, మళ్ళీ తండ్రి. ఒక్కొక్కచోటు నుంచి మనల్ని సరిగ్గా మనసు వదలని సమయంలోనే లాగివేస్తాడు. పత్రికలో సీరియలు కథ మంచి పట్టులో ఉండగా 'ఇంకా ఉంది' అని ఆపేస్తారు చూడండి, అలా! అయితే సీరియలు వచ్చే నెల దాకా ఆపుతుంది. కూర్పరి క్షణాల్లోనే ఆపుతాడు, మళ్ళీ కలుపుతాడు, మళ్ళీ ఆపుతాడు. ఈ పద్ధతిని గ్రిఫితే కనిపెట్టాడనడం సరికాదు. అంతకు ముందటి ఏడాదే ఫ్రాన్సు దేశపు పాథే కంపెనీ చిత్రంలో ఇలాంటిది ఉంది. కాని దీన్ని సానబట్టి పదునుపెట్టినవాడు గ్రిఫితే.

రెండవ సూత్రం చిత్రమైనది. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన 1920 ప్రాంతాల ఒక ప్రయోగం చేశాడు. మొజూకిన్ అనే నటుడి ముఖం ఉన్న పాత ఫిల్ము ముక్కను తీసుకున్నాడు. ఆ ముఖంలో ఏ భావమూ పెద్దగా లేదు. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె అతికించాడు. ఇంకోసారి శవపేటికలో ఉన్న స్త్రీని అతికించాడు. మరోసారి ఆడుకుంటున్న చిన్నపిల్లను అతికించాడు. చూసినవాళ్ళు, 'అబ్బ! సూపును చూసి ఎంత ఆలోచనలో పడ్డాడు! చనిపోయినామెను చూసి ఎంత దుఃఖించాడు! పాపను చూసి ఎంత ముద్దుగా నవ్వాడు!' అని నటుణ్ణి మెచ్చుకున్నారట. ఈ సంగతి కులెషోవ్ శిష్యుడు పుదోవ్కిన్ రాశాడు. నిజానికి మూడుసార్లూ ఉన్నది ఒకే ముఖం! ఆ భావాలు పుట్టింది ముఖంలో కాదు, చూసేవాళ్ళ మనసులో. రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే, వాటి మధ్య మూడోదాన్ని మనమే ఊహించుకుంటాం. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో మనకు చివర పని ఉంది.

మూడవ సూత్రాన్ని బాగా వివరించినవాడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. ఇంగ్లండులో పుట్టి, తరవాత అమెరికాలో పేరు పొందిన దర్శకుడాయన. ఆయన భార్య ఆల్మా రెవిల్ చిన్న వయసులోనే ఫిల్ము కూర్చే పని నేర్చుకున్న మనిషి. ఫ్రాన్సు దర్శకుడు త్రుఫోతో మాట్లాడుతూ హిచ్‌కాక్ ఒక ఉదాహరణ చెప్పాడు. ఆ సంభాషణలు 1966లో పుస్తకంగా వచ్చాయి.

ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. హఠాత్తుగా బల్ల కింద బాంబు పేలింది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. అది పదిహేను సెకన్ల పని. ఇప్పుడు కథను కొంచెం మార్చుదాం. ఎవడో బల్ల కింద బాంబు పెట్టడం మనకు ముందే చూపించారు. ఒంటిగంటకు పేలుతుందని కూడా చెప్పారు. గోడగడియారంలో పావు తక్కువ ఒంటిగంట. ఆ ఇద్దరూ అవే కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇప్పుడు మనకు ఆ కబుర్లు వింటూ కూర్చోవడం సాధ్యమా? 'లేవండయ్యా! బల్ల కింద చూడండి!' అని కేక వెయ్యాలనిపిస్తుంది. పదిహేను సెకన్ల ఉలికిపాటు పదిహేను నిమిషాల ఆదుర్దా అయింది!

చూశారా, తెలియకపోవడం వల్ల వచ్చేది ఆశ్చర్యం. తెలిసీ ఏమీ చేయలేకపోవడం వల్ల వచ్చేది ఉత్కంఠ.

హిచ్‌కాక్ 1936లో తీసిన 'సబోటాజ్' చిత్రంలో ఇలాంటిదే ఒక ఘట్టం ఉంది. స్టీవీ అనే కుర్రవాడి చేతికి ఒక పొట్లం ఇచ్చి పంపుతారు. అందులో బాంబు ఉందని వాడికి తెలియదు, మనకు తెలుసు. అది 1-45కు పేలుతుంది. వాడు పిల్లవాడు గదా! దారిలో వింతలు చూస్తూ నిలబడతాడు. ఊరేగింపు అడ్డం వస్తుంది. చివరకు బస్సు ఎక్కితే, ఆ బస్సు రద్దీలో ఆగిపోతుంది. కూర్పులో ఒకసారి పొట్లం, ఒకసారి వీధి గడియారం, ఒకసారి పక్కనున్న కుక్కపిల్లతో ఆడుకుంటున్న కుర్రవాడి ముఖం. గడియారం ముల్లు జరుగుతూనే ఉంది. ఆఖరికి బాంబు పేలి, ఆ పిల్లవాడు చనిపోతాడు.

ప్రేక్షకులకు కోపం వచ్చింది. అలా పేల్చడం తన తప్పేనని హిచ్‌కాక్ తరవాత త్రుఫోతో ఒప్పుకున్నాడు. ప్రేక్షకుడి చేత అంతసేపు ఒక పసివాడి కోసం ఆరాటపడేట్టు చేసినవాడు, ఆ ఆరాటాన్ని తీర్చాలి. లేకపోతే నమ్మించి మోసగించినట్టే. ఎంత నేర్పుగల కత్తెరకైనా ఒక ధర్మం ఉందన్నమాట.

ఆయనే 1951లో 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్' అనే చిత్రం తీశాడు. అందులో గై అనే టెన్నిస్ ఆటగాడి సిగరెట్ లైటరు బ్రూనో అనే దుర్మార్గుడి చేతిలో పడుతుంది. దాన్ని హత్య జరిగినచోట పడవేసి, నేరం గై మీదికి నెట్టాలని బ్రూనో బయలుదేరతాడు. గై ఆట ముగించుకుని వెళ్ళి వాణ్ణి ఆపాలి. దారిలో లైటరు కాస్తా మురుగు కాలవలో పడుతుంది. బ్రూనో ఇనప చట్రం సందులోంచి చెయ్యి దూర్చి తడుముతాడు. ఇటు ఎండలో ఎగిరే తెల్లని బంతి. అటు చీకట్లో పాకే వేళ్ళు. ఇటు పరుగులు, అటు అంగుళం అంగుళంగా జరగడం. వేలి కొసకు తగిలిన లైటరు జారి ఇంకా కిందికి పడిపోతుంది. తమాషా ఏమిటంటే, ఆ క్షణాన మనం కూడా 'అయ్యో, జారిపోయిందే!' అనుకుంటాం. వాడు దొంగవెధవ అన్న సంగతే మరిచిపోతాం! కూర్పు మన మనసును ఎంత దూరం లాక్కుపోగలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

నాలుగవ సూత్రం కాలాన్ని లాగడం. 1952లో వచ్చిన 'హై నూన్' చిత్రం చూడండి. పగవాడు మధ్యాహ్నం పన్నెండు గంటల రైలులో ఊళ్ళోకి దిగబోతున్నాడు. వాణ్ణి ఎదిరించడానికి నిలబడిన అధికారికి ఊళ్ళో ఒక్కడూ తోడు రాడు. పన్నెండు కావస్తుంటే లోలకం ఊగుతుంది. సంగీతం తాళానికి సరిపోయేట్టు ఒకదాని తరవాత ఒకటి ముక్కలు పడతాయి: దిగులు ముఖాలు, ఖాళీ వీధి, ఖాళీ పట్టాలు, స్టేషనులో కాచుకున్న ముగ్గురు ముఠావాళ్ళు. అంతలో రైలు కూత! ఈ కూర్పుకుగాను ఎల్మో విలియమ్స్, హారీ గెర్‌స్టాడ్ అనే ఇద్దరికి ఆస్కార్ బహుమతి వచ్చింది.

ముక్కలు త్వరత్వరగా మారితేనే ఉత్కంఠ అనుకోకండి. ఒకే ముక్కను కదలకుండా నిలిపినా ఉత్కంఠ పుడుతుంది. హిచ్‌కాక్ 1963లో తీసిన 'ది బర్డ్స్' చిత్రాన్ని కూర్చినవాడు జార్జ్ టొమాసినీ. అందులో ఒక యువతి బడి బయట బల్లమీద కూర్చుంటుంది. లోపల పిల్లలు పాట పాడుతుంటారు. ఆమె వెనక, పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనప చట్రం మీద ఒక కాకి వాలుతుంది. ఆమె చూడలేదు. తరవాత మరికొన్ని వాలతాయి. ఆ తరవాత కూర్పరి చట్రాన్ని చూపడమే మానేశాడు! ఆమెనే చూపుతూ చాలాసేపు నిలిపాడు. పాట సాగుతోంది. 'వెనక ఎన్ని చేరాయో!' అని మనకు ఆత్రం. ఆఖరికి ఆమె ఆకాశంలో ఎగిరే ఒక కాకిని చూసి, దానివెంటే తల తిప్పుతుంది. అది వెళ్ళి చట్రం మీద వాలుతుంది. చట్రమంతా కాకులే! నల్లగా, సందు లేకుండా! ఇక్కడ భయం చూపించినదానివల్ల పుట్టలేదు, దాచినదానివల్ల పుట్టింది.

ఇక మీరూ ఒక ప్రయోగం చేయండి. అయిదు అట్టముక్కల మీద అయిదు బొమ్మలు వేయండి: వంట చేస్తున్న తల్లి, పాకుతున్న పసిపాప, తెరిచి ఉన్న పెరటి తలుపు, గట్టు లేని నుయ్యి, బడినుంచి ఇంటికి వస్తున్న అన్నయ్య. ముందు తల్లి, పాప, తలుపు, అన్నయ్య చూపి, నుయ్యి చివర చూపండి. తరవాత నుయ్యి మొదట చూపి, ఆపైన తలుపు, పాప, తల్లి, మళ్ళీ పాప, అన్నయ్య, మళ్ళీ పాప, ఇలా చూపండి. స్నేహితులను పిలిచి, ఏ వరసలో వాళ్ళ గుండె ఎక్కువ కొట్టుకుందో అడగండి. బొమ్మలు అవే, మారింది వరస మాత్రమే. ఇలా చేస్తే కూర్పు కిటుకు సగం వంటబట్టినట్టే. అన్నయ్య పాపను ఎత్తుకున్న ఆరో బొమ్మ కూడా వేయడం మరవకండి!

ఈ రోజుల్లో ఆ కత్తెర ఇంటింటా ఫోనులోనే ఉంది. ఎవరైనా ముక్కలు కత్తిరించవచ్చు, అతకవచ్చు. కులెషోవ్ ప్రయోగం గుర్తుంచుకోమన్నాను గదా! ఒక మనిషి మామూలుగా నవ్విన ముక్కను, ఇంకెక్కడో జరిగిన ప్రమాదం పక్కన అతికిస్తే ఏమవుతుంది? 'ఎంత కఠినాత్ముడు! ప్రమాదాన్ని చూసి నవ్వుతున్నాడు!' అని జనం తిడతారు. పాపం, ఆయన ఆ ప్రమాదాన్ని చూడనే లేదు. సినిమాలో ఈ కనికట్టు వినోదం. వార్త పేరుతో వస్తే అది అబద్ధం.

కనక ఏదైనా దృశ్యం చూసి మీకు పట్టరాని కోపమో, భయమో కలిగినప్పుడు ఒక్క క్షణం ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ముక్కకు ముందు ఏముంది? తరవాత ఏముంది? ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టింది ఎవరు? జవాబు దొరికేదాకా దాన్ని ఇంకొకరికి పంపకండి.