కూత్తు నేర్పిన బడి

తమిళనాడు ఉత్తర జిల్లాల పల్లెల్లో సంగీత నాటకం అంటే తెరుక్కూత్తు. ధర్మపురి జిల్లాలోనూ, పక్కనున్న సేలంలోనూ ఇది బతికే ఉంది. కాంచీపురం వైపు ఆడే కూత్తును కట్టైక్కూత్తు అంటారు. రాత్రి పది గంటల వేళ మొదలైన ఆట తెల్లవారేదాకా నడుస్తుంది. హార్మోనియం, మృదంగం, ముఖవీణ, తాళాలు పట్టినవాళ్లు వెనక బల్ల మీద కూర్చుంటారు. పాత్రధారి తన పాట తానే ఎత్తుకుంటాడు, వెనకవాళ్లు వంత అందుకుంటారు. రాజవేషాలకు అద్దాలు పొదిగిన కొయ్య కిరీటాలు, భుజకీర్తులు ఉంటాయి. కథ నడపడం, నవ్వించడం కట్టియక్కారన్ పని.

తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్లలో భారతం పెట్టినప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం జరుగుతాయి. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కుతాడు. చివర్లో నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ బొమ్మ దగ్గర వధ ఘట్టం, ఆ తరువాత అగ్నిగుండం. సరిహద్దుకు అవతల తమిళ పల్లెల్లోనూ దాదాపు ఇదే క్రమం. భాష మారినా పండుగ ఒక్కటే.

ఈ కళ తరతరాలుగా ఇంట్లోనే నేర్చుకునేది. తండ్రి జట్టులో కొడుకు చిన్న వేషంతో మొదలుపెట్టి, పాటలు చెవిన వేసుకుంటూ పెద్ద వేషానికి చేరతాడు. అయితే రాత్రంతా ఆడిన పిల్లవాడు పొద్దున్నే బడికి ఎలా వెళ్తాడు? ఆటల కాలంలో బడి మానడం, తరువాత చదువే మానడం కూత్తు కుటుంబాల్లో మామూలైపోయింది. చదువు కావాలనుకున్నవాళ్లు కళను వదిలారు, కళను పట్టుకున్నవాళ్లకు చదువు దక్కలేదు. పైగా ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు కాబట్టి ఆడపిల్లలకు ఇందులో చోటే ఉండేది కాదు.

ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నం కాంచీపురం దగ్గరి పుంజరసంతాంగల్ గ్రామంలో జరిగింది. కట్టైక్కూత్తు నటుడు, గురువు పి. రాజగోపాల్ తండ్రి దగ్గర కళ నేర్చుకుని పదేళ్ల వయసులోనే ఆటలో దిగినవారు. నెదర్లాండ్స్ నుంచి ఈ కళ మీద పరిశోధనకు వచ్చిన హాన్నె డి బ్రూయిన్ ఆయనకు జీవిత భాగస్వామి అయ్యారు. 1990లో కళాకారుల సంఘంగా కట్టైక్కూత్తు సంగం ఏర్పడింది. 2002లో ఆ సంగం గురుకులం ప్రారంభించింది. పిల్లలు అక్కడే ఉండి మామూలు బడి చదువు చదువుతూ పాట, అడుగు, వాచికం, వాద్యం, వేషం నేర్చుకునేవారు. మగపిల్లలతో పాటు ఆడపిల్లలనూ చేర్చుకోవడం దాని అతి పెద్ద మార్పు. అలా చదివిన అమ్మాయిలు కిరీటం పెట్టుకుని రాజవేషాలు కట్టారు. గురుకులం 2020లో మూతపడినా, అక్కడ తయారైన యువ కళాకారులు రంగంలో కొనసాగుతున్నారు.

గురుకులం కథలో అంతర్జాతీయ సహకారం ఎలా ఉంటే మంచిదో కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చిన పరిశోధకురాలు ఆ కళను అధ్యయనం చేసి, దాని మీద పుస్తకం రాసి, సంస్థను నిలబెట్టే పనిలోనూ భాగమయ్యారు. ఏం ఆడాలి, ఎలా ఆడాలి అన్న అధికారం గురువు చేతిలోనే ఉండేది. కర్ణాటక సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణతో కలిసి చేసిన ‘కర్నాటిక్ కట్టైక్కూత్తు’లోనూ కచేరీ సంగీతం, కూత్తు ఒకే వేదిక మీద సమానంగా నిలిచాయి.

తెలుగు నాట ఇలాంటి ఉదాహరణ సురభి. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచక వధ’తో మొదలైన ఈ కుటుంబ నాటక సమాజంలో పిల్లలు బాలకృష్ణుడిగా, ప్రహ్లాదుడిగా, లవకుశులుగా రంగస్థలం మీదే పెరిగారు. 1990లలో కర్ణాటక దర్శకుడు బి.వి. కారంత్ సురభివారితో కలిసి పనిచేశారు. జర్మన్ రచయిత బ్రెష్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ అలా వచ్చింది. 2013లో సురభి బృందం ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరంలో జరిగిన నాటకోత్సవంలో ప్రదర్శన ఇచ్చింది. విదేశీ నాటకం ఇక్కడి బస్తీకి వచ్చింది, ఇక్కడి పరదాలూ పద్యాలూ విదేశానికి వెళ్లాయి.

ప్రభుత్వ బడుల సంగతికి వస్తే, తమిళనాడు పాఠశాల విద్యాశాఖ 2022–23లో ‘కలై తిరువిళా’ పేరుతో కళల పోటీలు ప్రారంభించింది. పోటీ బడి స్థాయిలో మొదలై బ్లాకు, జిల్లా మీదుగా రాష్ట్ర స్థాయికి చేరుతుంది. సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళ అన్నీ ఉంటాయి. రాష్ట్ర స్థాయిలో గెలిచినవారికి కలైయరసన్, కలైయరసి బిరుదులు ఇస్తారు. ముందు వరుసలో నిలిచినవారిని విదేశీ విద్యాయాత్రకు తీసుకెళ్తామని కూడా ప్రకటించారు. ధర్మపురి జిల్లాలోని పల్లెటూరి పిల్లలు కూడా ఈ మెట్లు ఎక్కవచ్చు.

ప్రపంచ స్థాయిలో పిల్లల నాటకానికి ‘అసితేజ్’ అనే సంఘం ఉంది. 1965లో పారిస్‌లో ఏర్పడిన ఈ సంఘానికి భారతదేశంలోనూ శాఖ ఉంది. ఏటా మార్చి 20ని బాలల నాటక దినోత్సవంగా జరుపుతారు. దేశంలో జాతీయ నాటక విద్యాలయం 1989లో విద్యలో నాటకం కోసం ప్రత్యేక బృందాన్ని నెలకొల్పింది. ‘జష్నే బచ్‌పన్’ పేరుతో బాలల నాటకోత్సవాలు నడుపుతోంది.

ఈ అనుభవాలన్నీ చెప్పేది ఒకటే. కళను చదువుకు అడ్డుగా కాక చదువులో భాగంగా పెట్టినప్పుడే పిల్లలకు రెండూ దక్కుతాయి. బయటి దేశాలతో పొత్తు కుదిరినప్పుడు మన వైపు నుంచి పట్టుకెళ్లడానికి మనదంటూ ఒక ఆట ఉండాలి. అది లేకపోతే విదేశీ యాత్ర విహారంగా మిగులుతుంది. బడి వార్షికోత్సవంలో ఒక సినిమా పాట తగ్గించి, ఊళ్లోని కూత్తు వాద్యార్‌నో వీధినాటకం గురువునో పిలిచి పిల్లలకు ఒక ఘట్టం నేర్పించడానికి ఏ విదేశీ నిధీ అక్కర్లేదు. పని అక్కడి నుంచి మొదలుకావాలి.